230 వోల్టుల కరెంటు: వానాకాలంలో దిల్లీ వీధి స్తంభాలు, ఇనుప గేట్లు ఎందుకు ప్రాణాలు తీస్తున్నాయి? ఇంట్లో ఏ రక్షణ తప్పనిసరి?

2023 జూన్ 25. తెల్లవారుజామున దిల్లీలో భారీ వర్షం కురిసింది. న్యూదిల్లీ రైల్వే స్టేషన్ ఆవరణలో నీరు నిలిచింది. కుటుంబంతో కలిసి రైలెక్కేందుకు వచ్చిన ఓ ఉపాధ్యాయురాలు ఆ నీటిని దాటుతూ విద్యుత్ స్తంభాన్ని తాకారు. కరెంటు షాక్‌తో ఆమె మరణించారు.

మరో ఏడాదికి, 2024 జులై 22న పటేల్ నగర్ ప్రాంతంలో సివిల్ సర్వీసెస్ పరీక్షకు సిద్ధమవుతున్న 26 ఏళ్ల యువకుడు నీరు నిలిచిన వీధిలో నడుస్తూ ఓ ఇనుప గేటును పట్టుకున్నారు. ఆ గేటుకు కరెంటు ప్రవహిస్తోంది. ఆయన కూడా ప్రాణాలు కోల్పోయారు.

వర్షంతో సంబంధం లేని ఘటనలూ ఉన్నాయి. 2023 జులైలో రోహిణిలోని ఓ వ్యాయామశాలలో ట్రెడ్‌మిల్‌పై నడుస్తున్న 24 ఏళ్ల ఇంజినీరు షాక్‌తో మరణించారు.

స్తంభం, గేటు, ట్రెడ్‌మిల్. ఈ మూడింటిలో ఏదీ కరెంటు ప్రవహించాల్సిన వస్తువు కాదు. మూడు చోట్లా ఏ ఒక్కరూ తీగను చేత్తో పట్టుకోలేదు. అయినా ప్రాణాలు పోయాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేల మందికి పైగా విద్యుదాఘాతంతో మరణిస్తున్నారు.

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు వోల్టేజి ఎంత? దానిని ఎవరు నిర్ణయించారు? అది శరీరంలో ప్రవేశిస్తే ఏమవుతుంది? మీటరు పక్కనుండే చిన్న స్విచ్‌లలో ప్రాణం కాపాడేది ఏది, కాపాడనిది ఏది? దిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, గాజియాబాద్‌లలో నివసించే తెలుగువారికీ, ఉద్యోగానికో చదువుకో కొత్తగా అక్కడికి వెళ్లేవారికీ ఉపయోగపడే వివరాలివి.

వోల్టేజి ఎంత ఉండాలి?

భారతదేశంలో గృహాలకు అందే సింగిల్ ఫేజ్ విద్యుత్ ప్రామాణిక వోల్టేజి 230 వోల్టులు. పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. అంటే తీగలోని కరెంటు సెకనుకు 50 సార్లు చొప్పున పూర్తి ఆవృత్తులుగా తన దిశను మార్చుకుంటూ ఉంటుంది. త్రీ ఫేజ్ కనెక్షన్‌లో ఏ రెండు ఫేజ్‌ల మధ్యనైనా సుమారు 400 వోల్టులు ఉంటాయి.

పాత పుస్తకాల్లోనూ, పాత పరికరాల మీదా 240, 415 అనే అంకెలు కనిపిస్తాయి. బ్రిటిష్ పద్ధతి నుంచి మనకు సంక్రమించిన అంకెలవి. ఐరోపా ఖండంలో చాలా దేశాలు 220 వోల్టులు, బ్రిటన్ 240 వోల్టులు వాడుతుండగా, అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 230ని ఉమ్మడి ప్రమాణంగా సూచించింది. మన దేశమూ ఆ బాటలోనే నడిచింది.

230 అన్నది సగటు లక్ష్యం మాత్రమే. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు లో వోల్టేజి సరఫరాలో ప్రకటిత వోల్టేజి కన్నా 6 శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండరాదని నిర్దేశించాయి. ఆ కొలమానాన్ని 230కి వర్తింపజేస్తే, ఇంటికి చేరే వోల్టేజి సుమారు 216, 244 మధ్య ఉండాలి.

ఈ తేడా ఎందుకు వస్తుంది? వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433 వోల్టులకు తగ్గిస్తుంది. అంటే ఒక్కో ఫేజ్‌కు 250 వోల్టులన్నమాట. లోడు పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత, తీగ వెంబడి కొంత వోల్టేజి పడిపోతుంది. వీధి చివరి ఇంటికి తగినంత అందాలన్న ఉద్దేశంతోనే మొదట్లో కాస్త ఎక్కువగా పంపుతారు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ పక్క ఇంట్లో అర్ధరాత్రి వోల్టేజి ఎక్కువగానూ, చివరి ఇంట్లో మే నెల మధ్యాహ్నం తక్కువగానూ కనిపిస్తుంది.

దిల్లీలో ఈ సమస్య వేసవిలో ముదురుతుంది. 2024 జూన్ 19న రాజధాని గరిష్ఠ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లకు చేరింది. ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ పాత తీగల మీద పడే భారం అంతా ఇంతా కాదు.

వోల్టేజి 6 శాతం పెరిగితే హీటరు, గీజరు వంటి పరికరాలు తీసుకునే విద్యుత్ 12 శాతం పెరుగుతుంది. 6 శాతం తగ్గితే సుమారు 12 శాతం తగ్గుతుంది. తక్కువ వోల్టేజి దగ్గర ఫ్రిజ్, ఏసీల కంప్రెసర్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి. స్టెబిలైజర్ అవసరం వచ్చేది ఇక్కడే.

అమెరికా పరికరాలు ఇక్కడ పనిచేస్తాయా?

అమెరికాలో ఇళ్ల సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. జపాన్‌లో 100 వోల్టులు. ఆ దేశంలో తూర్పున 50, పడమర 60 హెర్ట్‌జ్ వాడతారు. అమెరికా నుంచి తిరిగివచ్చి గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో స్థిరపడే తెలుగు కుటుంబాలు వెంట తెచ్చుకున్న మిక్సీ, హెయిర్ డ్రయ్యర్, రైస్ కుక్కర్‌ల విషయంలో ఇది ముఖ్యం.

120 వోల్టులకు తయారైన హీటరును 230 వోల్టుల సాకెట్‌లో పెడితే అది సుమారు మూడున్నర రెట్లకు పైగా విద్యుత్ లాగుతుంది. క్షణాల్లో కాలిపోవచ్చు, మంటలు రేగవచ్చు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లలో చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టులని ముద్రించి ఉంటుంది. వాటికి పిన్ను ఆకారం మార్చే అడాప్టర్ చాలు. ఆ అంకె లేని పరికరానికి దాని వాట్లకు తగిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పిన్ను ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదన్న సంగతి మరువరాదు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ పౌనఃపున్యాన్ని మార్చదు. అందువల్ల 60 హెర్ట్‌జ్‌కు తయారైన కొన్ని మోటార్లు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి.

హైదరాబాద్ నుంచి దిల్లీకి మారేవారికి ఈ చిక్కు లేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో అనుసంధానమైంది. నాటి నుంచి దిల్లీలోనూ, విజయవాడలోనూ కరెంటు ఒకే లయలో నడుస్తోంది.

దిల్లీ ఎన్‌సీఆర్‌లో సరఫరా ఎవరిది?

దిల్లీలో విద్యుత్ పంపిణీ 2002 జులై 1న ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లింది. ప్రస్తుతం బీఎస్‌ఈఎస్ రాజధాని, బీఎస్‌ఈఎస్ యమున, టాటా పవర్ దిల్లీ డిస్ట్రిబ్యూషన్ సంస్థలు నగరంలో అధిక భాగానికి సరఫరా చేస్తున్నాయి. న్యూదిల్లీ మున్సిపల్ కౌన్సిల్ తన పరిధిలోనూ, మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్ కంటోన్మెంట్‌లోనూ సరఫరా చేస్తాయి. గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో దక్షిణ్ హరియాణా బిజ్లీ వితరణ్ నిగమ్, నోయిడా, గాజియాబాద్‌లలో పశ్చిమాంచల్ విద్యుత్ వితరణ్ నిగమ్, గ్రేటర్ నోయిడాలో నోయిడా పవర్ కంపెనీ ఈ పని చేస్తాయి.

సంస్థలు వేరైనా భద్రతకు పునాది ఒక్కటే. 2003 విద్యుత్ చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలను రూపొందిస్తుంది. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వైరింగ్, ఎర్తింగ్, ప్లగ్గులు, తీగల నాణ్యతకు భారత ప్రమాణాల సంస్థ కొలతలు నిర్ణయిస్తుంది. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, వైరింగ్‌కు ఐఎస్ 732, ప్లగ్గులు, సాకెట్లకు ఐఎస్ 1293 ప్రమాణాలు వర్తిస్తాయి.

చంపేది వోల్టేజియా, కరెంటా?

శరీరానికి హాని చేసేది దాని గుండా ప్రవహించే కరెంటు. ఆ కరెంటును లోపలికి నెట్టేది వోల్టేజి. ఎంత కరెంటు ప్రవహిస్తుందో తేల్చేది శరీరపు నిరోధం.

50 హెర్ట్‌జ్ కరెంటు అర మిల్లీ ఆంపియర్ ఉంటే చిన్న చిమచిమ తెలుస్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న వస్తువును వదలాలనుకున్నా వదలలేరు. కరెంటు మనిషిని లాగేసుకుంటుందని వాడుకలో అనేది ఈ స్థితినే. నిజానికి ఏదీ లాగదు. మన చేతి కండరాలే ముడుచుకుపోయి, మన మాట వినవు.

30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు కొనసాగితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. గుండె కండరాలు ఒక్కటిగా కొట్టుకోకుండా, వేటికవి అదురుతూ ఉండిపోతాయి. రక్తప్రసరణ ఆగిపోతుంది. వైద్యులు దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు.

ఈ అంకెలు ఎంత చిన్నవో ఒక పోలికతో తెలుస్తుంది. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. ప్రాణం తీయడానికి అందులో ఐదో వంతు చాలు.

చేతి నుంచి పాదం వరకు శరీరపు నిరోధం 230 వోల్టుల దగ్గర సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల ఓమ్‌ల మధ్య ఉంటుంది. వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. పొడి చెప్పులు, పొడి నేల, చెక్క పీట దీనికి అదనపు అడ్డుగోడలు. తడి చర్మం, వట్టి కాళ్లు, నీరు నిలిచిన నేల ఆ గోడలను కూల్చేస్తాయి. అదే గేటు జనవరిలో చిన్న జలదరింపుతో వదిలిపెట్టి, జులైలో ప్రాణం తీయడానికి కారణం ఇదే.

ఇనుప స్తంభానికి కరెంటు ఎలా వస్తుంది?

స్తంభం లోపల వీధి దీపానికి వెళ్లే తీగ తొడుగు ఎండకూ వానకూ పగిలి లోహానికి తగిలిందనుకుందాం. లేదా అతుకు పెట్టిన చోట టేపు ఊడి నీటిలో మునిగిందనుకుందాం. అప్పుడు స్తంభమంతా ఫేజ్ తీగతో సమానమవుతుంది.

స్తంభం నేలలో పాతి ఉంది కదా, కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కాలిపోవాలి కదా అన్న సందేహం సహజం. లెక్క చూద్దాం. ఆ చోట భూమికి 10 ఓమ్‌ల నిరోధం ఉంటే ప్రవహించే కరెంటు 23 ఆంపియర్లు. ఆ లైను మీదున్న ఫ్యూజు 63 ఆంపియర్లదైతే అది కాలదు. ఎంసీబీ కూడా పడదు. స్తంభం గంటల తరబడి, రోజుల తరబడి అలాగే ఉంటుంది. ఎవరైనా తాకేదాకా సంగతి తెలియదు.

అందుకే సరైన ఎర్తింగ్ అంటే నేలలో ఇనుప కడ్డీ పాతడం ఒక్కటే కాదు. లోహపు భాగాల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా తక్కువ నిరోధం ఉన్న దారి ఒకటి తెగకుండా ఉండాలి. అప్పుడే లోపం తలెత్తగానే వందల ఆంపియర్లు ప్రవహించి ఫ్యూజు వెంటనే కాలుతుంది. ఆ దారి లేని చోట లీకేజీని పసిగట్టే పరికరం ఉండి తీరాలి.

ఇంటి ఇనుప గేటుకు కరెంటు రావడానికి తరచూ కనిపించే కారణాలు మరికొన్ని ఉన్నాయి. గేటు మీదుగా లాగిన దీపాల తీగ, కాలింగ్ బెల్ తీగ, వీధి కుళాయి నుంచి నీళ్లు తోడేందుకు గుమ్మం దగ్గర పెట్టిన చిన్న మోటారు, ఈ-రిక్షా చార్జింగ్ కోసం వరండాలోంచి బయటికి లాగిన తీగ. తాత్కాలికంగా వేసిన తీగ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది.

ఎంసీబీ ఉంటే చాలా?

చాలదు. గృహ భద్రతలో అత్యధికులు పొరబడేది ఇక్కడే.

ఎంసీబీ పని తీగలను, ఇంటిని అధిక కరెంటు నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడటం. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితే గానీ స్పందించదు. మనిషి శరీరం గుండా పోయేది 0.23 ఆంపియర్. ఎంసీబీ దృష్టిలో అది ఓ చిన్న బల్బు వెలిగినట్లే. మనిషి ప్రాణం పోతున్నా అది కదలదు.

ప్రాణాన్ని కాపాడేది ఆర్‌సీసీబీ. దీన్ని కొందరు ఈఎల్‌సీబీ అని కూడా పిలుస్తారు. ఇది ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటు, న్యూట్రల్ తీగలో తిరిగివచ్చిన కరెంటు సమానమా కాదా అని నిరంతరం పోల్చి చూస్తుంది. వెళ్లినది తిరిగి రాకపోతే అది ఎవరి శరీరం గుండానో, ఏ తడి గోడ గుండానో భూమిలోకి పోతోందన్న మాట. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపు సరఫరాను తెంచేయాలి. తేడా అంతకు ఐదు రెట్లుంటే 0.04 సెకనులోనే తెంచేయాలి. గుండె లయ తప్పక ముందే కరెంటు ఆగిపోతుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లోనే లీకేజీ రక్షణ పరికరాన్ని నిర్దేశించింది. దాని స్థాయి గృహ కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్లు మించరాదు. మార్కెట్‌లో 100, 300 మిల్లీ ఆంపియర్ల పరికరాలూ దొరుకుతాయి. వాటిలో 300వి ప్రధానంగా అగ్నిప్రమాదాల నివారణకు వాడేవి. కొనేటప్పుడు పరికరం మీద 30 మిల్లీ ఆంపియర్లన్న అంకె, ఐఎస్‌ఐ ముద్ర చూసుకోవాలి.

ఆర్‌సీసీబీకీ పరిమితులున్నాయి. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లిన కరెంటు అంతా తిరిగి వచ్చినట్లే లెక్క. అప్పుడు అది పసిగట్టలేదు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే పరికరం మార్చాలి.

పదే పదే పడిపోతోందని కొన్ని ఇళ్లలో ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి నేరుగా తీగలు కలిపేస్తారు. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను తప్పుగా కలపడం దీనికి ఒక సాధారణ కారణం. తడిసిన గీజరు ఎలిమెంటు మరొకటి. పరికరం పడిపోతోందంటే ఎక్కడో లోపం ఉందని అది చెబుతోంది. లోపాన్ని వెతకాలి తప్ప, చెప్పే నోటిని మూసేయకూడదు.

మూడో పిన్ను ఎందుకు పొడవుగా ఉంటుంది?

మన ప్లగ్గుల్లో పైనుండే మూడో పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా ఎర్తింగ్ కలవాలి, తీసేటప్పుడు చివరిగా విడిపోవాలి. అందుకే ఆ పొడవు. ఫ్రిజ్, కూలర్, వాషింగ్ మెషిన్ లోపల తీగ తొడుగు చెడి లోహపు ఒంటికి తగిలితే కరెంటు ఈ పిన్ను దారినే పోతుంది.

సాకెట్‌లో సరిపోవడం లేదని మూడో పిన్ను విరిచేయడం, మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రాల అడాప్టర్‌లో దూర్చడం ఆ దారిని మూసేస్తాయి. సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక ఎర్త్ తీగ ఉందన్న భరోసా కూడా లేదు. దిల్లీలోని పాత కట్టడాల్లో, అనుమతి లేకుండా వెలసిన కాలనీల్లో ఆ రంధ్రం వెనుక ఖాళీగా ఉండటం అరుదేమీ కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. కొందరు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఇది అత్యంత ప్రమాదకరం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ ఒంటికే 230 వోల్టులు వస్తాయి.

విద్యుత్ సంస్థ కూడా వినియోగదారుడి ప్రాంగణంలో ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేయాలని నిబంధనలు చెబుతున్నాయి. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు మీటరు దగ్గర అది ఉందో లేదో అడిగి చూసుకోవాలి.

న్యూట్రల్ తెగితే టీవీలు ఎందుకు కాలిపోతాయి?

వీధికి త్రీ ఫేజ్ సరఫరా వస్తుంది. ఇళ్లను మూడు ఫేజ్‌లకు పంచుతారు. తిరుగు దారి అందరికీ ఒకటే న్యూట్రల్. స్తంభం దగ్గర ఆ న్యూట్రల్ తెగితే, వేర్వేరు ఫేజ్‌ల మీదున్న ఇళ్లు 400 వోల్టుల మధ్య వరుసగా కలిసినట్లవుతాయి. ఎక్కువ లోడున్న ఇంటికి తక్కువ వోల్టేజి, తక్కువ లోడున్న ఇంటికి ఎక్కువ వోల్టేజి పోతుంది. ఒక ఇంట్లో దీపాలు మసకబారుతుంటే పక్కింట్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోవడం ఇందువల్లే. దీపాలు ఒక్కసారిగా అతిగా వెలిగినా, ఎగసిపడుతున్నా వెంటనే మెయిన్ స్విచ్ ఆపి విద్యుత్ సంస్థకు ఫోన్ చేయాలి.

దిల్లీ ఇళ్లలో ప్రత్యేక ప్రమాదాలేవి?

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి ఓల్డ్ రాజేందర్ నగర్, ముఖర్జీ నగర్ వంటి చోట్ల పేయింగ్ గెస్ట్ గదుల్లో ఉండే విద్యార్థులు కొన్ని వస్తువుల విషయంలో జాగ్రత్తపడాలి.

మొదటిది ఎయిర్ కూలర్. రేకు ఒళ్లు, లోపల నీరు, నీటిలో పంపు. మూడూ ఒకే చోట ఉంటాయి. నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపడం చాలదు. కొన్ని చోట్ల స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ తీగకు కలుపుతారు. అప్పుడు స్విచ్ ఆపినా ఫేజ్ లోపలే ఉంటుంది.

రెండోది చలికాలపు ఇమ్మర్షన్ రాడ్. బకెట్‌లో రాడ్ ఉండగా వేడెక్కిందా లేదా అని వేలు ముంచి చూడటం ఎన్నో ప్రాణాలు తీసింది. ప్లగ్గు తీసి, రాడ్ బయటపెట్టిన తర్వాతే నీటిని తాకాలి. ఇనుప బకెట్ అసలే వాడకూడదు.

మూడోది బాల్కనీలు. ఇరుకు గల్లీల్లో మేడ మీద మేడ కట్టి, బాల్కనీని వీధిలోకి జరిపిన ఇళ్లు తీగలకు చేయి చాచేంత దూరంలో ఉంటాయి. 11 వేల వోల్టుల లైను భవనానికి పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైన కనీసం 3.7 మీటర్ల ఎడంలో ఉండాలన్నది 1956 నియమాల నాటి నుంచీ ఉన్న కొలత. గది అద్దెకు తీసుకునే ముందు కిటికీలోంచి ఓసారి తీగల వైపు చూడటం మంచిది. తడి బట్టలు ఆరేసే ఇనుప తీగను ఆ లైన్ల పక్కన కట్టకూడదు.

నాలుగోది గాలిపటాలు. మనకు సంక్రాంతి ఎలాగో దిల్లీకి ఆగస్టు 15 అలాగ. లోహపు పొడి అద్దిన మాంజా తీగలకు తగిలితే దారం పట్టుకున్న చేతికి కరెంటు వస్తుంది. దిల్లీ మెట్రో, రైల్వే లైన్ల పైతీగల్లో 25 వేల వోల్టులు ఉంటాయి. అంత వోల్టేజి దగ్గర తీగను తాకనవసరం లేదు, సమీపిస్తే చాలు. దిల్లీ ప్రభుత్వం 2017 జనవరిలోనే ఇలాంటి మాంజాలను నిషేధించింది.

ఊరేగింపుల్లోనూ ఇదే ముప్పు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు వేళ రథానికి విద్యుత్ తీగ తగిలి ఐదుగురు మరణించారు. రథం, మండపం, ఫ్లెక్సీ ఏదైనా సరే, దారిలోని తీగల ఎత్తు ముందుగా చూసుకోవాలి. కార్యక్రమం ఉన్నంతసేపు ఆ లైనులో సరఫరా ఆపమని విద్యుత్ సంస్థను కోరాలి.

ఎవరికైనా షాక్ తగిలితే ఏం చేయాలి?

మొదటి నియమం, కరెంటు ఆగేదాకా ఆ వ్యక్తిని తాకకూడదు. కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రతి వానాకాలంలోనూ ఉంటారు.

ఇంట్లో అయితే మెయిన్ స్విచ్ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి చెక్క మీదో, మందపాటి పొడి ప్లాస్టిక్ మీదో నిలబడి, పొడి కర్రతో తీగను తప్పించాలి. ఈ పద్ధతి ఇంటి 230 వోల్టులకే పరిమితం. పెద్ద లైన్ల దగ్గర కర్ర కూడా రక్షించదు. సరఫరా ఆగిందని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా దూరంగా ఉండాలి.

తెగిపడిన తీగ దగ్గర మీరు నిలబడి ఉంటే పెద్ద అంగలు వేయకూడదు. తీగ చుట్టూ నేలలో అడుగడుగుకూ వోల్టేజి మారుతుంది. రెండు పాదాల మధ్య ఎడం పెరిగితే ఆ తేడా కాళ్ల గుండా ప్రవహిస్తుంది. పాదాలు దగ్గరగా ఉంచి, నేల మీద ఈడ్చుకుంటూ చిన్న చిన్న అడుగులతో దూరం జరగాలి.

కరెంటు ఆగిన తర్వాత 112కు ఫోన్ చేయాలి. బాధితుడు స్పందించకుండా, ఊపిరి తీయకుండా ఉంటే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. షాక్ తిన్న మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి. బయటికి కనిపించే కాలిన గాయం చిన్నదైనా లోపలి కండరాలు దెబ్బతిని ఉండవచ్చు.

బాధ్యత ఎవరిది?

సాధారణంగా మీటరు వరకు బాధ్యత విద్యుత్ సంస్థది. మీటరు తర్వాత వైరింగ్ బాధ్యత ఇంటి యజమానిది. వీధి దీపం, పార్కు, స్టేషన్ వంటి చోట్ల ఆ ఆస్తిని నిర్వహించే సంస్థది.

సుప్రీంకోర్టు 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్ కుమారి కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకమైనది. రాత్రివేళ సైకిల్‌పై వెళ్తున్న వ్యక్తి, వర్షపు నీటిలో పడి ఉన్న తీగ తగిలి మరణించారు. కరెంటు చౌర్యం కోసం ఎవరో వేసిన తీగ అదని, తమ తప్పు లేదని బోర్డు వాదించింది. న్యాయస్థానం అంగీకరించలేదు. విద్యుత్ వంటి ప్రమాదకరమైన దానిని సరఫరా చేసే సంస్థ, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా జరిగిన హానికి పరిహారం చెల్లించాలని స్పష్టం చేసింది. ఈ సూత్రం ఆధారంగానే విద్యుత్ ప్రమాదాల్లో బాధితుల కుటుంబాలు నేటికీ పరిహారం కోరుతున్నాయి.

విద్యుత్ చట్టంలోని 161వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టం కలిగించిన విద్యుత్ ప్రమాదం గురించి విద్యుత్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం ఇవ్వాలి. ఆ విచారణ నివేదిక పరిహారం కోరే కుటుంబానికి ముఖ్యమైన ఆధారం. పోలీసు ఫిర్యాదు, శవపరీక్ష నివేదిక, ఘటనాస్థలం ఫొటోలతో పాటు దానినీ భద్రపరచుకోవాలి.

వానలకు ముందు చేయాల్సిన పనులు

దిల్లీకి నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ చివరి వారంలో చేరతాయి. ఈలోపు చేయదగిన పనులు ఇవి.

ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడాలి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కాలి. లేకపోతే పెట్టించాలి, అద్దె ఇల్లయితే యజమానిని అడగాలి.

ఎర్తింగ్‌ను, గేటు మీదుగా వెళ్లే తీగలను, నీటి మోటారు అతుకులను ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి.

వీధిలో వేలాడే తీగ, తెరిచి ఉన్న స్తంభం పెట్టె, తాకితే చిమచిమలాడే గేటు కనిపిస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. చిన్న షాకే కదా అని ఊరుకోకూడదు. నేల తడిసిన రోజున అదే గేటు తాకినవారి ప్రాణం తీయగలదు.

నీరు నిలిచిన వీధిలో నడవక తప్పనప్పుడు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెలకు, రేకుల దుకాణాలకు దూరంగా నడవాలి. జారినా సరే ఇనుప స్తంభాన్ని ఊతగా పట్టుకోకూడదని ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు ముందే చెప్పి ఉంచాలి.